పిస్టల్ ట్రిగ్గర్ మార్పించుకోవచ్చా?

సందేహం: చంద్రగిరి సమీపంలో మాకు మామిడి తోట ఉంది. కాపురం తోటలోనే. 2013లో ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు పొంది .32 బోర్ పిస్టల్ కొన్నాను. దాని ట్రిగ్గర్ మొదటి నుంచీ గట్టిది. ఇప్పుడు వేళ్ల కీళ్ల నొప్పుల వల్ల నొక్కడమే కష్టంగా ఉంది. సంక్రాంతికి వస్తున్న మా మేనల్లుడు అమెరికా నుంచి తేలికగా పనిచేసే ట్రిగ్గర్ కిట్టు తెస్తానంటున్నాడు. బిగించడానికి లేత్ పని బాగా తెలిసిన మెకానిక్ ఒకరు ఊళ్లోనే ఉన్నారు. తుపాకీ నాది, లైసెన్సు నాది. ఇందులో తప్పేమైనా ఉంటుందా? – ఒక పాఠకుడు, తిరుపతి జిల్లా.

సమాధానం: ట్రిగ్గర్ మార్చకూడదని ఆయుధాల చట్టం, 1959లో ఎక్కడా ప్రత్యేకంగా రాసి లేదు. ఆ మాట పట్టుకుని చాలామంది ధైర్యం చేస్తారు. అయితే మీరు చెప్పిన పద్ధతిలో ఈ పని జరిగితే, విడిభాగం వచ్చే దారిలో ఒక తప్పు, దాన్ని బిగించే చేతిలో మరొక తప్పు ఉన్నాయి. రెండోది మొదటిదానికంటే చాలా పెద్దది.

మీ మేనల్లుడి ఉద్దేశం మంచిదే. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం పిస్టల్‌కు తుపాకీ హోదా దాని ఫ్రేముతో, అంటే మిగతా భాగాలన్నీ బిగించే ప్రధాన చట్రంతో, వస్తుంది కనుక, సాధారణ ట్రిగ్గర్ విడిభాగాలను అక్కడ వాహనాల సామాన్లు కొన్నంత సులువుగా కొనవచ్చు. మన చట్టం అలా లేదు. సెక్షన్ 2లోని నిర్వచనం తుపాకీతో పాటు తుపాకీ భాగాలను కూడా తుపాకీ కిందనే చేర్చింది. ఆయుధాలను దేశంలోకి తేవాలంటే సెక్షన్ 10 కింద దిగుమతి లైసెన్సు తప్పనిసరి. మీ చేతిలో ఉన్నది ఒక పిస్టల్‌ను దగ్గర ఉంచుకునేందుకు ఇచ్చిన లైసెన్సే తప్ప, విదేశం నుంచి భాగాలు తెప్పించుకునేందుకు ఇచ్చిన అనుమతి కాదు. విమానాశ్రయంలో సామాను తనిఖీలో ఆ కిట్టు దొరికితే కస్టమ్స్ చట్టం, 1962 కింద దాన్ని జప్తు చేయవచ్చు. ఆ తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవలసింది ముందుగా ఆ అబ్బాయే.

ఇక మెకానిక్ సంగతి. తుపాకీని మరమ్మతు చేయాలన్నా, దాని స్వరూపాన్ని మార్చాలన్నా, పరీక్షించాలన్నా ఆ పనికి విడిగా లైసెన్సు ఉండాలని ఆయుధాల చట్టం సెక్షన్ 5 చెబుతోంది. ఆ లైసెన్సు లేకుండా చేసిన వారికి సెక్షన్ 25(1)(ఎ) కింద, 2019 సవరణ తర్వాత, కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. ఆయన లేత్ పని ఎంత బాగా తెలిసినవారైనా, తుపాకీ దగ్గర ఆ నైపుణ్యం చట్టం ముందు నిలబడదు. పని చేయించినందుకు మీరు కూడా కేసులోకి వస్తారు. ఇంట్లో కూర్చుని మీరే బిగించుకున్నా ఆ నిషేధం మీకూ వర్తిస్తుంది.

మీరు బహుశా ఆలోచించని మరో విషయం ఉంది. ట్రిగ్గర్‌ను తేలిక చేయడం అంటే స్ప్రింగు బలం తగ్గించడం, లేదా సుత్తిని పట్టి ఉంచే కొక్కెం అంచును అరగదీయడం. ఈ అరగదీత వెంట్రుకవాసి ఎక్కువైతే పిస్టల్ కింద పడినప్పుడే పేలవచ్చు. ఒకసారి నొక్కితే రెండు మూడు తూటాలు వరుసగా పోవచ్చు కూడా. ట్రిగ్గర్‌పై వేలు ఉన్నంతసేపూ కాలుతూనే ఉండేలా రూపొందించిన, లేదా అలా మార్చిన తుపాకీ చట్టం దృష్టిలో నిషేధిత ఆయుధం. దాన్ని కలిగి ఉంటే ఇప్పుడు కనీస శిక్ష 7 ఏళ్లు, గరిష్ఠం 14 ఏళ్లు. నాకు ఆ ఉద్దేశం లేదని మీరు నిజాయితీగా చెప్పవచ్చు. కానీ ఆ మాట నిరూపించుకోవలసిన స్థితిలోకి ఎవరైనా తమంతట తాము ఎందుకు వెళ్లాలి?

ఒకవేళ రేపు తోటలో నిజంగానే పిస్టల్ వాడవలసి వచ్చిందనుకుందాం. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది, అది మీకు రక్షణే. కానీ ఆ పిస్టల్ ఫోరెన్సిక్ ప్రయోగశాలకు వెళ్తుంది. ట్రిగ్గర్ ఎంత బలానికి కదులుతోందో అక్కడ తూచి నివేదికలో రాస్తారు. ఫ్యాక్టరీ ట్రిగ్గర్‌కు అవసరమయ్యే బలంలో సగానికే అది కదిలితే, కాల్చాలని కాల్చారా లేక వేలు తగిలి పేలిందా అన్న ప్రశ్న క్రాస్ ఎగ్జామినేషన్‌లో తప్పదు. పొరపాటున పేలి మనిషి చనిపోతే నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైనందుకు సంహితలోని సెక్షన్ 106 కింద 5 ఏళ్ల వరకు జైలు ఉంది. ఇంట్లో మనవలు తిరుగుతున్నారేమో మీరు రాయలేదు. తిరుగుతుంటే ఆ గట్టి ట్రిగ్గరే వాళ్లకు కాపలా.

కాబట్టి ట్రిగ్గర్ మార్చవద్దనే నా సలహా. అయితే మీ ఇబ్బంది నిజమైనదే. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న పిస్టల్‌లో నూనె గడ్డకట్టి, దుమ్ము చేరి ట్రిగ్గర్ బరువెక్కడం మామూలే. మరమ్మతు లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరికి మీ లైసెన్సు పుస్తకంతో సహా వెళ్లి శుభ్రం చేయించండి. స్ప్రింగు పాడై ఉంటే తయారీ సంస్థ ఇచ్చే అదే రకం స్ప్రింగు వేయించి, రసీదు తీసుకోండి. అది మరమ్మతే అవుతుంది, మార్పు కాదు. అప్పటికీ వేళ్లు సహకరించకపోతే వైద్యుడి ధ్రువపత్రం జతచేసి, ఈ పిస్టల్‌ను డీలరుకు అమ్మి, మీ చేతికి అనువైన మరో ఆయుధం అదే లైసెన్సుపై కొనేందుకు అనుమతి కోరుతూ జిల్లా మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయండి. ఇది ఆలస్యమయ్యే దారే.

ఆ దరఖాస్తు ఏ కలెక్టరేటుకు అనే అనుమానం మీకు వస్తుంది. 2013లో మీ లైసెన్సు చిత్తూరు నుంచి వచ్చి ఉంటుంది. చంద్రగిరి 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. మీ రికార్డు తిరుపతికి బదిలీ అయిందో లేదో, ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేసులో మీ విశిష్ట గుర్తింపు సంఖ్య ఎదుట ప్రస్తుత చిరునామా ఉందో లేదో తిరుపతి కలెక్టరేటులో ముందు రాతపూర్వకంగా సరిచూసుకోండి. మేనల్లుడికి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి, సూట్‌కేసులో ఆ కిట్టు పెట్టవద్దని చెప్పండి.