సర్టిఫికెట్ ఉన్నా ఫిర్యాదులు ఎందుకు తగ్గవు?

వాహన పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ ఉన్నా మీ కర్మాగారంపై కస్టమర్ ఫిర్యాదులు తగ్గడం లేదని, లోపం ప్రమాణంలో ఉందా, పని వాతావరణంలో ఉందా అని అడిగారు. వాహన విడిభాగాల తయారీలో, నాణ్యతా విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ప్రమాణం రికార్డులు అడుగుతుంది. వాటిలో నిజం రాస్తారా లేదా అన్నది, చెడు కబురు తెచ్చిన మనిషిని ఆ కర్మాగారం ఎలా చూస్తుందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

ఒకచోట నేను కొత్తగా చేరినప్పుడు, బోరు (విడిభాగంలో తొలిచే రంధ్రం) వ్యాసాన్ని గంటకోసారి కొలిచి రాయాల్సిన కంట్రోల్ చార్టు చూశాను. షిఫ్టు ముగియడానికి మూడు గంటలు ఉండగానే ఎనిమిది గళ్లూ నిండిపోయాయి. అంకెలన్నీ ఒకే పెన్నుతో, 12.01, 12.02 అంటూ మార్చి మార్చి రాసి ఉన్నాయి. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) అరిగేకొద్దీ బోరు సన్నబడుతూ రావాలి కనుక, అంత నిలకడ నమ్మదగినది కాదు. ఆపరేటరును పక్కకు పిలిచి అడిగితే, కొలత హద్దు దాటిందని ఒకసారి మెషీన్ ఆపినందుకు అందరి ముందూ తిట్లు తిన్నానని, అప్పటినుంచి ఎవరూ ఆపడం లేదని చెప్పాడు. నాణ్యత బాధ్యత చూసేవారికి ఉత్పత్తిని ఆపే అధికారం ఉండాలని 2016 నాటి ఆ ప్రమాణమే స్పష్టంగా చెబుతుంది. మా పత్రాల్లో కూడా ఆ మాట ఉంది.

తర్వాత నేను ఈ సంగతి చెబితే ప్రొడక్షన్ మేనేజరు ఒప్పుకొని, మెషీన్ ఆగిన ప్రతిసారీ తానే వచ్చి, 'ఎప్పుడు మొదలుపెడతారు' అని కాకుండా 'ఏం గమనించారు' అని అడగడం మొదలుపెట్టారు. మొదటి కొన్ని వారాల్లో రికార్డుల్లో రిజెక్షన్లు పెరిగాయి. యాజమాన్యం కంగారుపడింది. అవి కొత్త లోపాలు కావని, ఇన్నాళ్లూ కస్టమరుకు వెళ్లినవే ఇప్పుడు మన దగ్గర పట్టుబడుతున్నాయని నచ్చజెప్పడానికి చాలా శ్రమపడ్డాను. నిజమైన కొలతలు చేతికొచ్చాకే ఇన్సర్ట్‌ను ఎన్ని భాగాలకోసారి మార్చాలో తేల్చగలిగాం.

1982లో జనరల్ మోటార్స్ మూసివేసిన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ప్లాంటును 1984లో టొయోటా భాగస్వామ్యంతో తిరిగి తెరిచినప్పుడు, ఎక్కువగా పాత కార్మికులనే తీసుకున్నారు. సమస్య కనిపిస్తే తాడు లాగి సాయం పిలిచే, అవసరమైతే లైను ఆపే వీలు వారికి కల్పించారు. నాణ్యత గణనీయంగా మెరుగుపడింది. నాణ్యతా వ్యవస్థల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9000 వచ్చింది 1987లో, అంటే ఆ ప్లాంటు తిరిగి తెరిచాకే.

అలాగని ప్రమాణాన్ని తేలికగా తీసుకోవద్దు. కొలిచే గేజు లోపమే టాలరెన్స్‌లో (కొలతలో అనుమతించే తేడాలో) 30 శాతం మించితే, నిజాయితీగా రాసిన అంకె కూడా దారి తప్పిస్తుంది. ఆ సంగతి బయటపెట్టేది ప్రమాణం కోరే కొలత వ్యవస్థ విశ్లేషణే.

మీరు ముందుగా షిఫ్టు మధ్యలో వెళ్లి చార్టులు చూడండి. గత నెలలో లైను ఎవరు ఆపారో, ఆపాక వారితో ఎవరు ఏమన్నారో అడిగి తెలుసుకోండి.