పేరు సంగతి తర్వాత, ముందు ఫ్రిజ్ సంగతి

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. పిల్లల కోసం ఐవీఎఫ్ చికిత్స చేయించుకుంటున్న సంగతులు రాసి నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. బాగా రాస్తున్నావు. ఇది ముఖస్తుతి కాదు, నా సంగతి నీకు తెలుసుగా. సొంత పేరుతో వేయాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. కలం పేరే పెట్టుకో. కాకపోతే ఆ పేరు ఒకటి తగిలించేస్తే ఇక ఏదైనా రాసెయ్యొచ్చని నీకు ధీమాగా ఉన్నట్టుంది. ఈ ఉత్తరం ఆ ధీమా గురించి.

ముందు ఒకటి తేల్చుకో. ఎవరికి తెలియకూడదు? "ఎవరికీ" అంటే కుదరదు. ఆఫీసులో తెలిస్తే ఒక రకం ఇబ్బంది. ప్రమోషన్ల వేళ "ఈవిడ ఎప్పుడు లీవు పెట్టేస్తుందో" అని లెక్కలు వేసుకుంటారు. మీ అత్తగారికి తెలిస్తే ఇంకో రకం. అనకాపల్లిలోనో ఆదిలాబాదులోనో కూర్చుని చదివే మనిషికి నీ అసలు పేరు తెలిసినా నీకు పోయేదేం లేదు, ఆవిడకు నువ్వెవరో అక్కర్లేదు. కానీ అందరూ ఆ తెలియని మనిషికే భయపడతారు! గుర్తుపట్టేది తెలిసినవాళ్లే. మద్రాసు ఎంత పెరిగి చెన్నై అయినా ఇక్కడి తెలుగువాళ్ల లోకం చిన్నది. శనివారం వెంకటనారాయణ రోడ్డులో దేవస్థానం వాళ్ల గుడి క్యూలో నిలబడి చూడు. ముందున్నావిడ మీ అత్తగారికి ఏదో ఒక వరస అవుతుంది.

నేను వారపత్రికలో స్త్రీల పేజీ చూసే రోజుల్లో "నా పేరు వేయకండి" అని కింద రెండు గీతలు గీసి మరీ రాసేవాళ్లు. సరేనని పేరు తీసేసేవాళ్లం. లోపల చూస్తే "మా వారు ఈ ఊళ్లో ఒకే ఒక్క హోమియో డాక్టరు" అని ఉండేది, పైన ఊరి పేరూ ఉండేది. ఇక పేరుతో పనేముంది? అలాంటి ఆనవాళ్లు ఏరేయడమే నా పనిలో సగం. (ఆ కాలంలో ఆడపేరుతో అయితే నవల బాగా అమ్ముతుందని మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసేవాళ్లు. వాళ్ల గొడవ వేరే, ఇక్కడ వద్దు.)

ఇప్పటి కంప్యూటర్ల వాళ్లూ ఇదే చెప్తున్నారు. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే ఆవిడ 2000లో లెక్క కట్టి చూపించింది. పుట్టిన తేదీ, ఆడో మగో, ఐదంకెల పిన్‌కోడ్. ఈ మూడూ తెలిస్తే చాలట, పేరు లేకుండానే ఆ దేశంలో 87 శాతం మందిని విడదీసి గుర్తుపట్టొచ్చట. ఇప్పుడు నీ మొదటి వ్యాసం తియ్యి. విల్లివాక్కంలో ఇల్లు, ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే భర్త, షోలింగనల్లూరులో ఆఫీసు, నెల్లూరు పుట్టిల్లు, పెళ్లయి ఆరేళ్లు. ఒక్కోటీ విడిగా వేలమందికి సరిపోతుంది. ఐదూ కలిపితే ఒక్క గడపే మిగులుతుంది. నేను కూడా ఇక్కడ ఊళ్లూ ఉద్యోగాలూ మార్చే రాశాను, గమనించావా? ఉత్తరాలు కూడా చేతులు మారతాయి.

ఒక్కో వివరం దగ్గరా ఆగి, ఇది లేకపోతే వ్యాసానికి ఏం తక్కువవుతుందో చూసుకో. మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడో లేకపోయినా ఏమీ తగ్గదు, కొట్టెయ్. పుట్టిల్లూ అంతే. ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరం మాత్రం కావాలి, ఆ ప్రయాణంలో ఐస్‌ప్యాక్ పెట్టిన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సంగతి అక్కడే ఉంది మరి. దానికి "ఊరికి ఆ చివర ఇల్లు, ఈ చివర ఆఫీసు" అంటే చాలు. తీసేస్తే సరిపోయే చోట కొత్తగా కల్పించకు. కల్పించినవన్నీ గుర్తుపెట్టుకోవాలి, నాలుగో వ్యాసంలో తప్పక దొరికిపోతావు. తప్పనిసరైతే ఊరు మార్చు, వీధి మార్చు. జరిగింది మాత్రం మార్చకు. ఒక సైకిల్ (ఒక విడత చికిత్స) ఫెయిలైతే ఒకటనే రాయి. జాలి కోసం దాన్ని మూడు చేశావో, నీలాగే ఇంజెక్షన్లు వేసుకుంటూ చదువుతున్న ఇంకో అమ్మాయిని మోసం చేసినట్టే.

ఇక రెండో వ్యాసం. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక ఇంజెక్షన్ల డబ్బా దాచడం, మీ అత్తగారు పెరుగు తీసిన ప్రతిసారీ నీ గుండె ఆగడం. మూడింటిలో అదే గొప్ప భాగం. అందులో ఊరు లేదు, పేరు లేదు. బయటివాళ్లు ఎవరూ నిన్ను పట్టుకోలేరు. కానీ ఆ డబ్బా ఎప్పుడైనా ఆవిడ కంటబడి ఉంటే ఒక్క వాక్యం చాలు. నిన్ను పట్టిచ్చే వివరం, రాతకు ప్రాణం పోసే వివరం చాలాసార్లు ఒకటే అవుతుంది. అందుకే అందరికీ పనికొచ్చే కొలత అంటూ నా దగ్గర లేదు.

ఆ వాక్యం తీసేయమని నేను చెప్పను. అది పోతే మిగిలేది ఆస్పత్రుల్లో పంచే కరపత్రం. దాచుకోవడం ఎక్కువైనా నష్టమే. "ఒక స్త్రీ ఒక సమస్యతో బాధపడింది" అని రాస్తే ఎవరు చదువుతారు? స్కాన్ కోసం సీసాడు నీళ్లు తాగి, టోకెన్ పట్టుకుని, కాళ్లు బిగబట్టుకుని కూర్చోవడం రాయి. అండాలు తీసేముందు, రాత్రి చెప్పిన నిమిషానికి వేసుకోవాల్సిన ట్రిగ్గర్ ఇంజెక్షన్ కోసం ఎవరిదో రిసెప్షన్‌లో బాత్రూమ్ వెతుక్కోవడం రాయి. సీమంతానికి పిలిచినప్పుడు వచ్చిన ఈర్ష్య కూడా రాయి. సిగ్గుపడే సంగతులు చెప్పుకోవడానికే కదా మారుపేరు పెట్టుకుంటున్నావు, మంచి సంగతులు సొంత పేరుతోనే చెప్పుకోవచ్చు. ఫ్రిజ్ మాటకొస్తే, అది అచ్చయ్యేలోపు మీ అత్తగారికి నీ నోటితో నువ్వే చెప్పు. చెప్పే ధైర్యం ఇంకా రాలేదంటే ఆ వ్యాసాన్ని పక్కన పెట్టు, అదేమీ పాచిపోదు.

మూడో వ్యాసం చదివితే కోపం వచ్చింది. మీ ఆయన రిపోర్టులో ఏముందో అంకెలతో సహా రాశావు. పక్కన కూర్చున్నది నువ్వే, బాధపడిందీ నువ్వే, ఒప్పుకుంటాను. అయినా ఆ కాగితం అతనిది. నువ్వు మారుపేరు చాటున ఉంటావు, అతనికి ఏ చాటూ లేదు. రేపు నువ్వు ఫలానా అని తెలిసిన రోజున అతను ఎవరో అడగక్కర్లేదు. 2021లో వచ్చిన ఐవీఎఫ్ చట్టం దంపతుల వివరాలు బయటపెట్టకూడదని ఆస్పత్రుల్నే కట్టేసింది. మరి భార్య బయటపెడితే?

మన మద్రాసు నుంచే వెళ్లిన ఒక కేసు ఉంది, తెలుసుకో. ఆటో శంకర్ అని, హత్యల కేసులో ఉరిశిక్ష పడినవాడు. చెంగల్పట్టు జైల్లో ఉండగా తన కథ రాసుకున్నాడు, దాన్ని నక్కీరన్ పత్రిక వేయబోయింది. అందులో అధికారుల పేర్లు ఉన్నాయి, జైలు అధికారులు అడ్డుపడ్డారు. 1994లో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. అచ్చు కాకముందే ప్రభుత్వం దాన్ని ఆపడానికి వీల్లేదన్నది ఒకటి. రెండోది నీకు కావలసింది. మనిషికి తన కుటుంబం, పెళ్లి, సంతానం, మాతృత్వం, చదువు లాంటి విషయాల్లో ఏకాంతం (ప్రైవసీ) హక్కు ఉంది, అతని అనుమతి లేకుండా వాటి గురించి వేయకూడదు, కోర్టు కాగితాల వంటి పబ్లిక్ రికార్డుల్లో ఉన్నవి వేరు అంది. సంతానం అన్న మాట ఆ తీర్పులోనే ఉంది, బుజ్జీ. 2017లో తొమ్మిదిమంది జడ్జిలు కూర్చుని, ఏకాంతం ప్రాథమిక హక్కేనని తేల్చారు.

చట్టం కోసం కాదులే, అతని ముందు ఆ పేజీలు పెట్టి చదవమను. వద్దన్న చోట నోరెత్తకుండా కొట్టెయ్. "రిపోర్టు వచ్చింది, ఇద్దరం మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం" అను. పాఠకులు మిగిలింది ఊహించుకుంటారు, నీ రిపోర్టే అనుకున్నా అనుకోనీ.

అదే వ్యాసంలో ఆస్పత్రి మీద ఫిర్యాదు ఉంది. పేరు రాయలేదు గానీ మెట్రో స్టేషన్, ఎదురుగా ఉన్న చీరల కొట్టు, డాక్టరమ్మ జడ పొడవు రాశావు. ఇక దాచిందేముంది? మన చట్టంలో పరువునష్టానికి పేరు రాయక్కర్లేదు, ఎవరినన్నావో తెలిసినవాళ్లకు అర్థమైతే చాలు. వాళ్లు నిజంగా తప్పు చేశారనుకుంటే బిల్లులూ రిపోర్టులూ పట్టుకుని తమిళనాడు మెడికల్ కౌన్సిల్‌కో, వినియోగదారుల కమిషన్‌కో వెళ్లు. అక్కడికి సొంత పేరుతో వెళ్లాలి. మారుపేరు చాటు నుంచి రాళ్లు వేయడం నాకు నచ్చదు.

ఎప్పుడు వేయాలని కూడా అడిగావు. ఆ రోజు రాత్రే రాయి, కొన్ని నెలలు ఆగి వేయి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు, తోటి పరిశోధకురాలితో కలిసి, విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట, తమను కలచివేసిన సంగతులు రాయించాడు. జరిగిందీ, తమకు ఏమనిపించిందీ రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. ఆ కాగితాలు ఏ పత్రికలోనూ అచ్చవలేదు. మనసు తేలికపడటానికి రాసుకుంటే చాలు. ఆలస్యంగా వేయడంలో ఇంకో లాభం, తేదీలు కలవవు. నువ్వు లీవు పెట్టిన వారమే, పిండాన్ని గర్భంలో పెట్టే ట్రాన్స్‌ఫర్ గురించిన వ్యాసం కనబడితే ఆఫీసులో కూపీ లాగక్కర్లేదు. ఫోటోలు వద్దే వద్దు. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ, ఎప్పుడు తీశావో కూడా నమోదై ఉండొచ్చు, పైగా ఆ కిటికీ గ్రిల్లు మీ ఇంటికొచ్చిన ఎవరైనా గుర్తుపడతారు.

పేరు ఎవరెవరికి చెప్తావన్నదీ ముందే ఆలోచించుకో. 2013లో ఇంగ్లండులో ప్రపంచమంతా ఎరిగిన ఒక రచయిత్రి మగ మారుపేరుతో డిటెక్టివ్ నవల వేసింది. మూడు నెలలు తిరక్కుండానే బయటపడింది. ఆమె లాయర్లలో ఒకాయన తన భార్య స్నేహితురాలితో అన్నాడు, ఆవిడ ఒక విలేకరి చెవిన వేసింది. ఆ పత్రికవాళ్లు పదాల వాడకాన్ని కంప్యూటర్‌తో పోల్చి చూసి రూఢి చేసుకున్నారు. అంత డబ్బూ లాయర్లూ ఉన్న మనిషికే అలా అయితే, మీ కాలేజీ గ్రూపులో "ఎవరికీ చెప్పకండే" అని పెట్టిన లింకు ఎన్నాళ్లు ఆగుతుంది? ఇప్పటికి నీకూ, మీ ఆయనకూ, నాకూ తెలుసు. చాలు. మీ అమ్మకు ఎలాగూ తెలిసిపోతుంది, "ఏందో పో" అని పేజీకి రెండుసార్లు నువ్వు అచ్చం దానిలాగే అంటావు. కొన్ని తగ్గించు, అన్నీ తీసేస్తే అది నీ గొంతు కాదు. ఉత్తరాలకు వేరే ఈమెయిల్ పెట్టుకో. పారితోషికం ఇస్తామంటే బ్యాంకు వివరాలు అడుగుతారు కాబట్టి సంపాదకులకు నీ అసలు పేరు తెలుస్తుంది. అది తప్పదు, ఎవరికీ చెప్పొద్దని రాతపూర్వకంగా అడుగు.

ఎవరైనా "ఇది నువ్వేనా?" అని మొహమ్మీద అడిగితే కంగారుపడి ఒట్లు పెట్టకు. "ఇలాంటివి చాలా ఇళ్లలో ఉన్నాయి కదండీ" అని మాట మార్చు, అది నిజమే కూడా. మీ అత్తగారు అడిగితే మాత్రం అవునని చెప్పు.

మొదటిదాంట్లో ఆ ఐదు ఆనవాళ్లూ తీసేసి పంపించు, ముందు అదే వేద్దాం. రెండోది మీ అత్తగారితో మాట్లాడాక. మూడోది మీ ఆయన చదివి, ఆస్పత్రి పేరాలు తీసేశాక ఎంత మిగులుతుందో చూద్దాం. సగం మిగిలినా వ్యాసమే. ఫోన్‌లో నాకు అక్షరాలు ఆనడం లేదు, ఈసారి ప్రింటు తీసి పంపు, వరసల మధ్య కాస్త ఎడం ఉంచి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ