2075లో కిరాయి ఎవరికి కడుతున్నారు?

తమ్మీ,

నీ కథ అందింది. 2075లో వరంగల్. భద్రకాళి చెరువు ఎండిపోయింది, నీళ్ల ట్యాంకర్లకు డ్రోన్లు కాపలా కాస్తున్నాయి, ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. ఇంత మార్చినవాడివి, నాలుగో పేజీకి వచ్చేసరికి నీ కథానాయకుడితో ఐదో తారీఖున ఇంటి ఓనర్‌కు కిరాయి కట్టించావు. ఆటో మీద ఫైనాన్సు కిస్తీ కూడా అలాగే ఉంది. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆకాశం మీద చెయ్యి వేయగలిగావు గానీ కిరాయి రసీదును ముట్టుకోలేకపోయావు.

ఈ జబ్బు నీ ఒక్కడిది కాదు. పెట్టుబడిదారీ వ్యవస్థ పోవడం కంటే ప్రపంచమే పోవడం ఊహించడం తేలికైపోయిందని విమర్శకులు ముప్పై ఏళ్లుగా అంటున్నారు. నాకు కనిపించే కారణం మొరటుది. ప్రళయానికి ఒక్క సంఘటన చాలు. వ్యవస్థ మారిందని రాయాలంటే మాత్రం మర్నాడు రేషన్ షాపు తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పాలి.

దానికి తోడు అప్పు. 30 లక్షల ఇంటి లోను 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 27 వేల చొప్పున 240 కిస్తీలు. కట్టేది మొత్తం 64 లక్షలు దాటుతుంది. ఆ మనిషి రేపటి రోజులన్నీ ముందే తాకట్టులో ఉన్నాయి. వేరే లోకం గురించి ఆలోచిస్తే ముందు బౌన్సయ్యేది చెక్కే. ఇక మన దగ్గర భవిష్యత్తు గురించి రోజూ రాసేది ప్లాట్లు అమ్మే రియల్ ఎస్టేట్ వెంచర్ల వాళ్లు. ఇక్కడ పార్కు, అక్కడ నలభై ఫీట్ల రోడ్డు, రెండేళ్లలో గజం ధర రెట్టింపు. 1934 నాటి వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు నేల కూడా చివరికి ప్లాట్ల లెక్కలోకే వచ్చింది. వాళ్ల బ్రోచర్‌లో ఉన్నంత వివరం నీ కథలో లేకపోతే పాఠకుడు ఎవరిని నమ్మాలి?

సంపాదకుల పాపమూ తక్కువది కాదు. ఒకప్పుడు కథ చివర విప్లవం వస్తున్నట్టు తూరుపు ఎర్రబడకపోతే తిప్పి పంపేవారు. ఎర్రబడ్డాక ఊళ్లో ఏం జరిగిందో రాస్తే, ఇది కథ కాదు రిపోర్టు అనేవారు. ఇప్పుడు ఫ్యాషన్ చీకటి భవిష్యత్తు, బహుమతులన్నీ దానికే. ఆ కథల్లోనూ మర్నాటి పొద్దు లేదు, ఈ కథల్లోనూ లేదు.

1946కు ముందు ఈ చుట్టుపక్కల దొర లేని ఊరిని, వెట్టి లేని పొద్దును ఎంతమంది ఊహించగలిగారు? ఊహ వచ్చాక కూడా అది నినాదంగా ఆగిపోలేదు, అంకెల దగ్గరికి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఒకరి దగ్గర ఉండదగ్గ భూమి గరిష్ఠ పరిమితి 500 ఎకరాల దగ్గర మొదలై, తర్వాత చెలక (మెట్ట) 100, తరి (మాగాణి) 10 ఎకరాలకు దిగింది. ఒక్కో మెట్టు దిగడానికి ఎన్ని పంచాయితీలు పడి ఉంటాయో ఆలోచించు. గొలుసు పట్టుకుని కొలిచింది ఎవరు, హద్దురాయి దగ్గర కొట్లాడింది ఎవరు? మన కథలు ఎక్కువగా తుపాకీ దగ్గరే ఆగాయి.

అంత వెనక్కి పోవద్దనుకుంటే హన్మకొండ దగ్గరి ముల్కనూరు ఊరు ఉంది. 1956లో అక్కడ సహకార సంఘం పెట్టుకున్నారు. 2000లో ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు సొంత డెయిరీ నడపడం మొదలుపెట్టారు. 1964 నాటి సహకార చట్టం కింద ఎన్నికైన పాలకవర్గాన్ని సర్కారు పక్కన పెట్టొచ్చు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైతే సర్కారు వాటాధనం ఉండదు, ఆ పెత్తనమూ ఉండదు. ఈ డెయిరీ రెండో దారి పట్టింది. అది మార్కెట్‌కు బయట ఉందని నేననను. ప్రైవేటు వాళ్లు లీటరుకు రూపాయి ఎక్కువిస్తే సభ్యురాలి మనసు అటు లాగుతుంది. కథ దొరికేది అక్కడే. బర్రె పాలలో వెన్నశాతం తక్కువ వచ్చిందని ధర తగ్గించారు, పరీక్ష చేసింది స్వయానా వదిన. పాలు పోసినామె ఎవరికి చెప్పుకోవాలి? మళ్లీ పరీక్ష చేయమని అడిగే హక్కు ఉందా? దీనికంటే పెద్ద ఘర్షణ నీ డ్రోన్ల యుద్ధంలో లేదు.

ఒక జాగ్రత్త. ఇది చదివి కాకతీయుల చెరువుల మీద బంగారు కాలం కథ రాయకు. తూము తెరిచే నీరటి ఉన్నాడు, నీళ్లు తక్కువైన ఏడు ఎవరికెన్ని గుంటలు తడపాలో దామాషా లెక్క ఉంది, నిజమే. అదే ఊళ్లో కులమూ ఉంది, వెట్టీ ఉంది. లెక్క తీసుకో, పెత్తనం వదిలెయ్.

ఇప్పుడు కథను తిరగరాయి. మొత్తం లోకాన్ని మార్చకు, ఒక్క కిరాయిని మార్చు. ఇల్లు ఎవరిది, ఖాళీ అయితే ఎవరికిస్తారు, పైకప్పు కురిస్తే పైసలు ఏ ఖాతాలోంచి వస్తాయి? నియమం రాశాక దాన్ని మోసం చేసే మనిషిని పెట్టు. మోసం లేని వ్యవస్థను ఎవరూ నమ్మరు. శిక్ష ఎవరు వేశారో, అది అన్యాయమని ఎవరు అడ్డుపడ్డారో రెండు పేజీలు రాయి. నాయనమ్మ పక్కింటికి విత్తనాలు చేబదులిచ్చే చోటు బాగుంది, దాన్ని ముట్టుకోకు.

పుస్తకం వేయడానికి ఎంతవుతుందని, పోటీకి పంపనా అని అడిగావు. తర్వాత చూద్దాం.

హన్మకొండలో హుస్నాబాద్ వైపు బస్సెక్కితే ముల్కనూరులో దిగొచ్చు. పాలు పోసే వేళకు ఏదైనా ఊరి కేంద్రం దగ్గర నిలబడు. ఎవరినీ ఇంటర్వ్యూ చేయకు, రిజిస్టరులో ఎన్ని గడులున్నాయో, ఒక్కోదాని మీద ఏం రాసుందో చూసి రా. నీ 2075కు అలాంటి రిజిస్టరు ఒక పేజీ తయారుచేసి, అందులో ఎవరి పేరు కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో రాసి పంపు. మిగతా కథ దాని తర్వాత చదువుతాను.

మీ అన్న