గేదెకి మేత ఎంత అరుగుతోందో ఇంటి దగ్గర ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇది: రెండు ముర్రా గేదెలకి వరిగడ్డి, మొక్కజొన్న నూక కలిపిన దాణా పెడుతున్నారు, పేడలో గింజ ముక్కలు కనపడుతున్నాయి, తిన్నదాంట్లో ఎంత అరుగుతోందో తెలియాలి. నేను పశువైద్య కాలేజీలో పోషణ విభాగంలో పీజీ చేశాను, ఇప్పుడు మా ఊళ్ళో ఆరు గేదెలు ఉన్నాయి, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

అసలైన లెక్క పేడ మొత్తం ఎత్తి తూకం వేయడమే. కొత్త మేతకి కనీసం రెండు వారాలు అలవాటు చేసి, తర్వాత ఏడు రోజులు పెట్టిన మేత, గాటిలో మిగిలిన మేత, వేసిన పేడ, అన్నీ తూచాలి. మా బ్యాచ్‌లో రాత్రి డ్యూటీ ఉండేది. గేదె తోక ఎత్తగానే పార పట్టుకుని పరిగెత్తాలి, ఎందుకంటే మూత్రం కలిసిందంటే ఆ తూకం పనికిరాదు. ఒకరోజు నేను మిగులు గడ్డి తూచకుండా ఊడ్పించేశాను, ఆ గేదె లెక్క మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చాలామంది తప్పు చేసేది తేమ దగ్గర. 11 కిలోలు తిన్న గేదె 25 కిలోల పేడ వేస్తే ఏమీ అరగలేదని కంగారు పడతారు, కానీ పేడలో ఎక్కువ భాగం నీళ్ళే. గడ్డి, దాణా తేమ తీసేస్తే సుమారు 10 కిలోలు, పేడలో ఎండు పదార్థం 18 శాతం అనుకుంటే నాలుగున్నర కిలోలు, అంటే 55 శాతం అరిగినట్టు. ఒట్టి వరిగడ్డి మీదే ఉంటే ఇంకా తగ్గుతుంది, అందులో సిలికా (అరగని, ఇసుకలాంటి పదార్థం) ఎక్కువ.

ల్యాబ్‌లో ఇంకో దారి ఉంది, 1963లో టిల్లీ, టెర్రీ అనే ఇద్దరు చెప్పింది. గేదె పొట్టలోని రసంలో మేత పొడిని 48 గంటలు, తర్వాత పెప్సిన్ అనే, పొట్టలో మాంసకృత్తుల్ని అరిగించే ఎంజైమ్‌లో ఇంకో 48 గంటలు ఉంచి మిగిలింది తూస్తారు. రెండు రకాల గడ్డిలో ఏది మేలో తేల్చడానికి ఇది బాగా పనికొస్తుంది, మీ కొట్టంలో ఏం జరుగుతోందో మాత్రం ఇది చెప్పదు.

మీకు నేను చెప్పేది జల్లెడ పద్ధతి. అప్పుడే వేసిన పేడ అరకిలో తీసుకుని, పిండి జల్లెడ కంటే కాస్త పెద్ద కన్నాలున్న జల్లెడలో పోసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కుళాయి కింద కడగండి. మొదటిసారి కడిగినప్పుడు మా జల్లెడలో గుప్పెడు నూక మిగిలింది, గోటితో గిల్లితే లోపల తెల్లటి పిండి అలాగే ఉంది. దాణా డబ్బు పేడలో పోతోందని అప్పుడు కళ్ళారా చూశాను. సెంటీమీటర్ కంటే పొడుగు గడ్డి పోచలు ఎక్కువగా ఉంటే మాత్రం అది వేరే విషయం, నెమరు సరిగ్గా పడట్లేదని, మేత తొందరగా జారిపోతోందని అర్థం.

నేను నూకని మరలో ఇంకో పట్టు పట్టించాను, మరీ పిండిలా కాకుండా, ఎందుకంటే మెత్తటి పిండి ఎక్కువైతే పొట్టలో పులుపు పెరిగి మేత మానేస్తాయి. మీరూ ముందు అది చేసి, పదిహేను రోజులు ఆగి, రెండు గేదెల పేడా విడివిడిగా అదే జల్లెడలో మళ్ళీ కడిగి చూడండి.