ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ లైబ్రరీ రాసే ముందు

చిరంజీవికి బాబాయ్ ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రాసెస్ మొదలైనప్పుడు దానికి అందే పేరు=విలువ జతలు) లైబ్రరీ కోసం నువ్వు పంపిన డిజైన్ చదివాను. గెట్, సెట్, అన్‌సెట్, లిస్ట్ అని నాలుగు ఫంక్షన్లు పెట్టి, లోపల సిస్టమ్ కాల్స్‌ని పిలుస్తానన్నావు. ముందు ఆ సిస్టమ్ కాల్స్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలమైన కెర్నల్‌ని పని అడిగే కాల్స్) సంగతి తేల్చుకో. యూనిక్స్ తరహా సిస్టమ్స్‌లో ఎన్విరాన్‌మెంట్ చదవడానికి కెర్నల్ కాల్ అంటూ ఏదీ లేదు. ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఎగ్జెక్‌వీఈ కాల్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా వచ్చిన స్ట్రింగ్‌లని కెర్నల్ కొత్త ప్రాసెస్ స్టాక్ మీద పేర్చి చేతులు దులుపుకుంటుంది. ఆ తర్వాత గెట్‌ఎన్వ్, సెట్‌ఎన్వ్ చేసేదంతా సీ లైబ్రరీ వ్యవహారమే, ఆ స్ట్రింగ్‌ల పాయింటర్ల వరసని చూపించే 'ఎన్విరాన్' అనే ఒక్క గ్లోబల్ పాయింటర్ చుట్టూ తిరుగుతుంది. లినక్స్‌లో ప్రాక్ కింద ఉండే ఎన్విరాన్ ఫైల్ తెరిస్తే సెట్‌ఎన్వ్‌తో పెట్టిన విలువ కనబడకపోవడానికి కారణం ఇదే. ఆ ఫైల్ చూపించేది కెర్నల్ మొదట్లో పేర్చిన చోటుని.

అసలు ప్రమాదమంతా థ్రెడ్స్‌తో, అంటే ఒకే మెమరీని పంచుకుంటూ సమాంతరంగా నడిచే పనులతో. గెట్‌ఎన్వ్ నీకు కాపీ ఇవ్వదు, ఆ ఉమ్మడి మెమరీలోకే పాయింటర్ ఇస్తుంది. ఒక థ్రెడ్ ఆ పాయింటర్ల వరస మీద నడుస్తుండగా ఇంకో థ్రెడ్ కొత్త పేరుతో సెట్‌ఎన్వ్ చేసిందనుకో. వరసలో చోటు చాలక సీ లైబ్రరీ దాన్ని రీఅలాక్ చేసి వేరే చోటికి మార్చవచ్చు, అప్పుడు మొదటి థ్రెడ్ కాళ్ల కింద నేల పోతుంది. సెగ్‌ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ కూలిపోవచ్చు, అదీ ఎక్కువగా లోడ్ బాగా ఉన్నప్పుడే. 'నా లైబ్రరీలో మ్యూటెక్స్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) పెట్టాను కదా' అంటావు. ఆ మ్యూటెక్స్ సంగతి నీ లైబ్రరీకి తప్ప ఎవరికి తెలుసు? లోకల్‌టైమ్ లోపల టైమ్‌జోన్ చెప్పే టీజెడ్ చదువుతుంది, సెట్‌లొకేల్ భాష సంగతి చెప్పే ఎల్‌సీ_ఆల్, లాంగ్ చదువుతుంది, గెట్‌అడ్రెస్‌ఇన్ఫో కూడా నెట్ పేర్లని అడ్రెస్‌లుగా మార్చే రిజాల్వర్ సెట్టింగ్స్ కోసం ఎన్విరాన్‌మెంట్‌లోకి తొంగి చూస్తుంది. ఇవేవీ నీ తాళం అడగవు. రస్ట్ భాష వాళ్లు తమ స్టాండర్డ్ లైబ్రరీలో తాళం పెట్టుకుని కూడా ఈ చిక్కు వదలక, చివరికి 2024 ఎడిషన్‌లో సెట్_వార్‌ని అన్‌సేఫ్ చేశారు, అంటే జాగ్రత్త బాధ్యత పిలిచేవాళ్లదే.

అందుకని నీ లైబ్రరీలో చదవడం సులువుగా ఉండాలి, ఉమ్మడి ఎన్విరాన్‌మెంట్‌ని మార్చడం మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసే పనిలా కనిపించాలి. ప్రోగ్రామ్ మొదలవగానే, ఏ థ్రెడ్డూ పుట్టకముందే, మొత్తం వరసని ఒకసారి కాపీ చేసి మారని మ్యాప్‌గా ఇచ్చెయ్. వాడేవాళ్లకి అవసరమయ్యేది నూటికి తొంభైసార్లు అదే. గ్లోబల్ సెట్ ఇవ్వక తప్పదంటే దాని పేరులోనే 'ఒకే థ్రెడ్ ఉన్నప్పుడు' అన్న షరతు ఇరికించు. పేరు పొడుగైపోయిందని ఎవరైనా సణిగితే సణగనీ.

సెట్ కోరేవాళ్లని ఎందుకని అడిగి చూడు, చాలామంది చైల్డ్ ప్రాసెస్‌కి వేరే విలువలు పంపాలనే అంటారు. దానికి ఉమ్మడి ఎన్విరాన్‌మెంట్‌ని ముట్టుకోనే అక్కర్లేదు. మొదట్లో తీసిన ఆ కాపీ తీసుకుని, పేర్లు కలిపి, తీసేసి, కొత్త వరస కట్టి ఎగ్జెక్‌వీఈకో పాజిక్స్_స్పాన్‌కో (కొత్త ప్రాసెస్‌ని పుట్టించే కాల్) ఇచ్చే బిల్డర్ ఒకటి రాయి. ఆ వరస ఫోర్క్‌కి (ప్రాసెస్‌కి నకలుగా చైల్డ్‌ని పుట్టించే కాల్) ముందే తయారై ఉండాలి. థ్రెడ్స్ ఉన్న ప్రాసెస్‌లో ఫోర్క్ తర్వాత చైల్డ్‌లో సెట్‌ఎన్వ్ పిలిచావా, ఆ క్షణాన వేరే థ్రెడ్ మెమరీ ఇచ్చే మాలాక్ తాళం పట్టుకుని ఉంటే చైల్డ్ అక్కడే బిగుసుకుపోవచ్చు. ఆ తాళం తీయాల్సిన థ్రెడ్ చైల్డ్‌లోకి రానే రాదు మరి. ఇంకోటి: బిల్డర్‌లో పాత్ (ప్రోగ్రామ్‌లని వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా ఉండే వేరియబుల్) మార్చినా, పాజిక్స్_స్పాన్‌పీ ప్రోగ్రామ్‌ని వెతికేది పిలిచిన ప్రాసెస్ పాత్‌లోనే. విండోస్ క్రియేట్‌ప్రాసెస్ కూడా అంతే. ఏ పాత్ వాడుతున్నావో డాక్యుమెంటేషన్‌లో ఒక్క వాక్యం రాయకపోతే బగ్ రిపోర్టులు చదువుతూ కూర్చోవాలి.

పుట్‌ఎన్వ్ జోలికి వెళ్లకు. సెట్‌ఎన్వ్ కాపీ చేసుకుంటుంది. పుట్‌ఎన్వ్ నువ్విచ్చిన పాయింటర్‌నే వరసలో పెట్టేస్తుంది. లోకల్ బఫర్ ఇచ్చి ఫంక్షన్ నుంచి బయటికొచ్చావంటే ఆ వేరియబుల్ విలువ చెత్త.

పేర్ల తనిఖీ నువ్వే చెయ్యి. పేరు ఖాళీగా ఉన్నా, అందులో = ఉన్నా సెట్‌ఎన్వ్ ఈఇన్‌వాల్ (ఇచ్చినది చెల్లదన్న ఎర్రర్) ఇస్తుంది, అంతవరకు బాగానే ఉంది. పేరులో గానీ విలువలో గానీ సున్నా బైట్ ఉంటే మాత్రం సీ లైబ్రరీకి తెలియనే తెలియదు, అక్కడిదాకా కత్తిరించి తీసుకుని విజయవంతం అంటుంది. నీ భాషలో స్ట్రింగ్‌ల మధ్య సున్నా బైట్ ఉండగలిగితే, దాన్ని కాల్‌కి ముందే పట్టుకుని ఎర్రర్ ఇవ్వు. లిస్ట్ చేసేటప్పుడు = లేని ఎంట్రీలూ, ఒకే పేరు రెండుసార్లున్న ఎంట్రీలూ తగులుతాయి. ఎగ్జెక్‌వీఈ ఎంట్రీల రూపాన్ని తనిఖీ చెయ్యదు గదా. = లేనివాటిని వదిలేసెయ్, ఒకే పేరు రెండుసార్లుంటే ముందొచ్చినదాన్ని ఉంచు, గెట్‌ఎన్వ్ ఇచ్చేది దాన్నే.

సైజు ఎర్రర్ ఒకచోట పుట్టి ఇంకోచోట బయటపడుతుంది. లినక్స్‌లో 2,00,000 బైట్ల విలువని సెట్‌ఎన్వ్ హాయిగా తీసుకుంటుంది. తర్వాతెప్పుడో ప్రాసెస్ ఎగ్జెక్ చేసినప్పుడు ఈ2బిగ్ (సైజు హద్దు దాటిందన్న ఎర్రర్) వస్తుంది. మామూలు 4 కేబీ పేజీల మెషీన్‌లో ఒక్కో స్ట్రింగ్‌కి హద్దు 1,31,072 బైట్లు, పేరూ = గుర్తూ చివరి సున్నా కలిపి. ఆర్గ్యుమెంట్లూ ఎన్విరాన్‌మెంటూ కలిపి స్టాక్ లిమిట్‌లో నాలుగో వంతు దాటకూడదు, అంటే 8 ఎంబీ స్టాక్‌కి 2 ఎంబీ. బిల్డర్‌లో ఈ2బిగ్ వచ్చినప్పుడు అన్నిటికంటే పెద్ద వేరియబుల్ పేరు ఎర్రర్ మెసేజ్‌లో పెట్టు. విలువ పెట్టకు, అది పాస్‌వర్డ్ అయ్యుండొచ్చు.

ఇక విండోస్. ఇక్కడ గెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్‌డబ్ల్యూ నిజంగానే కాపీ ఇస్తుంది, కానీ దాని రిటర్న్ విలువ తికమక పెడుతుంది. బఫర్ సరిపోతే చివరి సున్నాని వదిలేసి అక్షరాల లెక్క ఇస్తుంది. సరిపోకపోతే చివరి సున్నాతో కలిపి కావలసిన సైజు ఇస్తుంది. అంటే వచ్చిన సంఖ్య బఫర్ కంటే తక్కువుంటేనే విలువ దొరికినట్టు. దొరక్కపోతే బఫర్ పెంచి మళ్లీ పిలువు, అదీ లూప్‌లో. రెండు కాల్స్ మధ్య ఇంకో థ్రెడ్ విలువని ఇంకా పొడుగు చేసి ఉండొచ్చు. సున్నా వస్తే వేరియబుల్ లేదనీ కావచ్చు, ఉంది గానీ ఖాళీ అనీ కావచ్చు. కాల్‌కి ముందు సెట్‌లాస్ట్‌ఎర్రర్‌తో సున్నా పెట్టి, తర్వాత గెట్‌లాస్ట్‌ఎర్రర్ 203 ఇచ్చిందో లేదో చూడు. 203 అయితేనే లేదని అర్థం. ఈ తేడా నీ ఏపీఐ బయటికి కూడా చూపించాలి, 'లేదు'నీ 'ఖాళీ'నీ ఒకే గాటన కట్టకు.

అక్కడే ఇంకో తిరకాసుంది. విండోస్ సీ రన్‌టైమ్ తన సొంత కాపీ ఉంచుకుంటుంది. సెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్‌తో పెట్టినది సీ గెట్‌ఎన్వ్‌కి కనబడదు. అండర్‌స్కోర్ పుట్‌ఎన్వ్ రెండు కాపీలనీ మారుస్తుంది, కానీ ఖాళీ విలువ ఇస్తే వేరియబుల్‌నే తీసేస్తుంది. రెండిటిలో ఒకదాన్ని ఎంచుకో. నేనైతే విన్32 (విండోస్ సొంత ఏపీఐ) వైపే ఉంటాను, సీ కోడ్‌తో పంచుకోవాల్సిన వాళ్లకి ఆ సంగతి రాసిపెడతాను.

విండోస్ పేర్లకి పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేదు. నీ మ్యాప్ ఆ తేడా పాటిస్తే, సిస్టమ్ ఇచ్చిన పాత్ ఒక రకంగా, వాడుకరి అన్నీ పెద్దక్షరాల్లో రాసినది ఇంకో రకంగా, చైల్డ్‌కి రెండూ వెళతాయి. అన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చే పద్ధతి వద్దు, టర్కిష్ లొకేల్‌లో ఐ అక్షరం దగ్గర దెబ్బతింటావు. కంపేర్‌స్ట్రింగ్‌ఆర్డినల్ వాడు, రాసిన రూపాన్ని మాత్రం అలాగే ఉంచు. లిస్ట్‌లో = తోనే మొదలయ్యే పేర్లు వస్తాయి, ఒక్కో డ్రైవ్‌కి కరెంట్ డైరెక్టరీ దాచుకునేవి అవి. పేరు ఎక్కడ ముగిసిందో చూడడానికి రెండో అక్షరం నుంచి = వెతుకు. చైల్డ్‌కి డబ్ల్యూ రకం (యూటీఎఫ్-16లో ఉన్న) బ్లాక్ ఇస్తే క్రియేట్_యూనికోడ్_ఎన్విరాన్‌మెంట్ ఫ్లాగ్ మరవకు, అది లేకపోతే యూటీఎఫ్-16 బ్లాక్‌ని ఏఎన్‌ఎస్ఐ (పాత కోడ్ పేజీ ఎన్‌కోడింగ్) అనుకుని విండోస్ చదువుతుంది.

ఎన్‌కోడింగ్ విషయంలో: యూనిక్స్‌లో విలువ అంటే సున్నా కాని ఏ బైట్లైనా సరే, యూటీఎఫ్-8 అని ఎవరూ హామీ ఇవ్వరు. విండోస్‌లో జత లేని సరోగేట్లు (యూటీఎఫ్-16లో జంటగా రావాల్సిన సగం సంకేతాలు) వస్తాయి. ముడి రూపం ఒక టైప్‌గా ఉంచి, టెక్స్ట్‌గా మార్చడం ఫెయిల్ కాగల వేరే ఫంక్షన్‌గా పెట్టు. లిస్ట్ మధ్యలో ఒక చెడ్డ విలువ తగిలిందని మొత్తం లిస్ట్‌ని ఫెయిల్ చెయ్యకు.

మాక్‌ఓఎస్‌లో షేర్డ్ లైబ్రరీ నుంచి ఎన్విరాన్ పేరు నేరుగా లింక్ అవుతుందని నమ్ముకోవద్దు, _ఎన్‌ఎస్‌గెట్‌ఎన్విరాన్ పిలువు. సెట్‌యూఐడీ (నడిపినవాళ్ల హక్కులతో కాక ఫైల్ యజమాని హక్కులతో నడిచే) ప్రోగ్రామ్‌లో నీ లైబ్రరీ ఉండే అవకాశముంటే, నీ సొంత డీబగ్ వేరియబుల్స్‌ని గ్లిబ్‌సీ (గ్నూ సీ లైబ్రరీ) సెక్యూర్_గెట్‌ఎన్వ్‌తోనే చదువు.

టెస్టులు రాసేటప్పుడు ఉమ్మడి ఎన్విరాన్‌మెంట్‌ని మార్చే ప్రతి టెస్టునీ వేరే చైల్డ్ ప్రాసెస్‌లో నడుపు. టెస్ట్ రన్నర్లు చాలావరకు థ్రెడ్స్‌లో సమాంతరంగా నడుస్తాయి, ఒక టెస్టు పెట్టిన టీజెడ్ పక్క టెస్టులో తేదీని మార్చేస్తుంది. ముందు ఖాళీ విలువ, = ఉన్న విలువ, చెల్లని యూటీఎఫ్-8, = లేని ఎంట్రీ, సరిగ్గా హద్దు సైజులో ఒకటి, దాని మీద ఒక బైట్ ఎక్కువున్నది ఒకటి రాసి పంపు. మిగతావి అవి చూశాక మాట్లాడదాం.

ఇట్లు,
మీ బాబాయ్