మూడేళ్లు నిండకముందే మావాడు వెనకబడ్డాడా?

ప్రశ్న: మాది అనంతపురం, సాయినగర్. బాబుకి రెండేళ్ల పది నెలలు. మావారు పట్టుబట్టి ఊరి చివర ఒక పెద్ద స్కూల్‌కి నర్సరీ అడ్మిషన్ కోసం తీసుకెళ్లారు. అక్కడ మేడమ్ ఎర్ర కారు బొమ్మ చూపించి, ఇదేం రంగని ఇంగ్లీషులో అడిగితే వాడు నోరు తెరవలేదు. ‘ఇంట్లో ఉండి ఏం నేర్పించావ్’ అని దారంతా మావారు నన్ను తిట్టారు. నాకేమో మా వీధి చివరి చిన్న ప్లేస్కూల్ నచ్చింది. అత్తమ్మ ‘నాలుగేళ్లు నిండేదాకా యాడికీ పంపొద్దు’ అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ బాబు వెనకబడలేదు. మీరూ ఏ తప్పూ చేయలేదు. కొత్త గదిలో, ముక్కూమొహం తెలియని మనిషి, ఇంట్లో వినని భాషలో అడిగితే ఆ వయసు పిల్లాడు బిగుసుకుపోతాడు. అదే కారు ఇంట్లో చేతికిస్తే ‘జేజీ, ఎర్రకారు సూడు’ అని నానమ్మకి చూపిస్తూ ఇల్లంతా తిప్పుతాడు.

2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ (చిన్నపిల్లల తొలి చదువు దశ) జాతీయ పాఠ్యప్రణాళిక 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పరీక్షలు బొత్తిగా తగవని చెప్పింది. చదువు ఇంటి భాషలో మొదలవ్వాలనీ అంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. అంటే మీకింకా మూడేళ్లకు పైగా టైముంది. ఇవి మీవారికి చెప్పండి.

పెన్సిల్ పట్టించి గీతల పుస్తకాలు నింపించే బడికి ఎంత పేరున్నా నేను వద్దనే అంటాను. మణికట్టులో ఉండాల్సిన 8 చిన్న ఎముకలు ఈ వయసుకి పూర్తిగా ఏర్పడి ఉండవు. చపాతీ పిండి పిసకడం, బొరుగులు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేయడం, ఇసుకలో ఆడటం, రేపు రాయబోయే వేళ్లకి ఇదే సాధన.

బడిని ఆఫీసు గదిలో కూర్చుని చూడకండి. మధ్యాహ్నం వదిలే వేళకి వెళ్లి గేటు దగ్గర పావుగంట నిలబడండి. ఏడుస్తున్న పిల్లని ఆయమ్మ రెక్క పట్టి లాగుతోందా, కింద కూర్చుని చెప్పు తొడిగి ముక్కు తుడుస్తోందా? నాకైతే రంగురంగుల గోడలకంటే ఆ ఒక్క దృశ్యమే ఎక్కువ చెబుతుంది. తర్వాత బాత్రూమ్ చూపించమనండి. తీసుకెళ్లేది ఎవరో, లోపలి గొళ్లెం పిల్లలకి అందకుండా ఉందో లేదో గమనించండి. తరగతి రేకుల షెడ్డులో ఉంటే మార్చిలో మన ఎండకి ఎలా ఉంటుందో మీకు చెప్పాలా! ఎంతమంది పిల్లలకి ఒక టీచరో కూడా అడగండి. 2013 నాటి జాతీయ ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) విధానంలో మూడేళ్లు దాటినవాళ్లకి 20 మందికి ఒకరు, అంతకంటే చిన్నవాళ్లకి 10 మందికి ఒకరు అని ఉంది.

మీ వీధి చివరి బడి ఇందులో నిలబడితే అదే మేలు. కిక్కిరిసిన వ్యాన్‌లో రోజూ ఊరి చివరిదాకా వెళ్లి రావడం ఈ వయసుకి శిక్షే. దగ్గర్లోని అంగన్‌వాడీని కూడా ఒకసారి చూడండి, ఫీజు లేదని చిన్నచూపు వద్దు. కొన్నిచోట్ల టీచరమ్మ పాటకి పిల్లలు కదలకుండా కూర్చోవడం నేను చూశాను.

ఇక మీవారి సంగతి. ఇంగ్లీషు దగ్గర తాము పడ్డ ఇబ్బంది బిడ్డకి రాకూడదని చాలామంది తండ్రులు ఇలాగే కంగారుపడతారు. ఆ ఆరాటాన్ని నేను తప్పుపట్టను, కానీ బిడ్డ వింటుండగా మిమ్మల్ని తిట్టడం మాత్రం ఆగాలి. బాబు నిద్రపోయాక, గొంతు పెంచకుండా, ‘ఆ రోజు వాడికంటే నేను ఎక్కువ భయపడ్డాను’ అని చెప్పండి. గేటు దగ్గర నిలబడటానికి ఆయన్నీ వెంటబెట్టుకెళ్లండి.

తొందరేం లేదన్న మీ అత్తమ్మ మాటలో న్యాయముంది. జూన్‌లో మొదలుపెట్టండి, మొదటి రెండు వారాలు గంటన్నర చాలు. తిరిగి తీసుకొచ్చే పని ఆమెకే అప్పజెప్పండి. గేటు బయట జేజి ఉంటుందని తెలిస్తే వాడు లోపల కుదురుగా ఆడుకుంటాడు.