క్లాసులో 22 మంది, 22 పుట్టినరోజులు

కాజీపేట నుంచి డాలస్ వచ్చి ఆరు నెలలైన ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, పాప కిండర్‌గార్టెన్‌లో చేరింది. క్లాసులో 22 మంది పిల్లలు. ఈ నెలలోనే మూడు పుట్టినరోజు పిలుపులు వచ్చాయి. ఏమి కొనాలి, ఎంతలో కొనాలి? తక్కువ ఖరీదుది ఇస్తే చిన్నచూపు చూస్తారేమోనని భయంగా ఉంది."

ఆ భయం నాకు కొత్త కాదు చెల్లెమ్మా. 16 ఏళ్ల కిందట హన్మకొండ నుంచి వచ్చిన కొత్తలో మా వాడి క్లాసు పిల్లవాడికి 60 డాలర్లు పెట్టి రిమోటు కారు కొన్నాను. మన పెళ్లిళ్లలో ఒకాయన పుస్తకం ముందు పెట్టుకుని చదివింపులు రాస్తాడు కదా, ఒక్కోచోట పేరూ అంకే మైకులో కూడా వినిపిస్తారు. నా బుర్రలో ఆ మైకు ఇంకా మోగుతూనే ఉంది. రెండు రోజుల తరువాత ఆ పిల్లవాడి తల్లి ఫోను చేసింది. మాట మర్యాదగానే ఉంది కానీ గొంతులో ఇబ్బంది దాగలేదు. తరువాత మా వాడి పుట్టినరోజుకు ఆమె కూడా దాదాపు అంత ఖరీదైన బొమ్మే మోసుకొచ్చింది. ఆ ఇంటి మీద అప్పు పెట్టింది నేనేనని అప్పుడు అర్థమైంది.

నేను చూసినంతవరకు తోటి పిల్లల కానుకకు 15 నుంచి 25 డాలర్లు చాలు. నెలలో మూడు పార్టీలుంటే మూడింటికీ 15 డాలర్లే పెట్టు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆహ్వానంలో "కానుకలు వద్దు" అని ఉంటే నిజంగానే వద్దని. మన ఇంట్లో "కడుపు నిండింది, చాలు" అన్నవాడి కంచంలో కూడా ఇంకో జొన్నరొట్టె వేస్తాం. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. పాప చేత రంగులు వేయించిన కార్డు ఒకటి పట్టుకెళితే సరిపోతుంది. వస్తున్నామో లేదో ముందే తెలియజేయడం మాత్రం మరచిపోవద్దు. మన దగ్గర పదిమందిని పిలిచి పదిహేను మందికి వండుతారు. ఇక్కడ ట్రాంపోలిన్ హాలు వాళ్లు తలకింత అని లెక్క కడతారు కాబట్టి, చిన్నవాడిని కూడా తీసుకురావచ్చా అని అడగకుండా వెంట పెట్టుకుని వెళ్లకూడదు.

ఇక ఏమి కొనాలన్నది. అన్నిటికంటే తేలికైన దారి, ఆ తల్లికి "పాపకు ఈ మధ్య దేని మీద మోజు?" అని ఒక్క సందేశం పంపడం. డైనోసార్లు అని జవాబు వస్తే సగం పని అయిపోయినట్టే. అడగడానికి మొహమాటమైతే, ఉతికితే పోయే రంగుల పెన్నులూ బొమ్మలు గీసే పుస్తకమూ, లెగో చిన్న పెట్టె, జిగ్‌సా పజిల్, బొమ్మల కథల పుస్తకం, వీటిలో ఏదైనా పరవాలేదు. ఆడపిల్ల కాబట్టి గులాబీ రంగు, మగపిల్లవాడు కాబట్టి కారు అనుకుని కొనవద్దు. బట్టల జోలికి అసలే పోవద్దు, కొలత సరిపోదు. బంకలా సాగే స్లైము మాత్రం నేను ఎవరికీ ఇవ్వను. తివాచీ మీద నుంచి దాన్ని గీకి తీసే తల్లి నోట ఏమి వస్తుందో నాకు అనుభవమే.

పెట్టె మీద రాసిన వయసు తప్పకుండా చూడు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో గొంతులో ఇరుక్కునేంత చిన్న ముక్కలు ఉండకూడదని ఇక్కడ చట్టమే ఉంది. నువ్వు కొనేది అయిదేళ్ల పాపకే అయినా, ఆ ఇంట్లో పాకే తమ్ముడు ఉంటే చిన్న ముక్కల బొమ్మ మానుకో. గట్టిగా అతుక్కునే చిన్న అయస్కాంతాలు, నీళ్లలో ఉబ్బే పూసలు, గుండీ బ్యాటరీలు ఊడివచ్చే బొమ్మలు అసలే వద్దు. ఇవి మింగితే ఆపరేషను దాకా పోతుంది. కొన్నాక దుకాణంలో ధర కనిపించని రసీదు అడిగి తీసుకుని లోపల పెట్టు. అలాంటి బొమ్మే ఇంకొకరు తెస్తే మార్చుకుంటారు.

"మన వైపు బొమ్మలు ఇస్తే బాగుంటుంది కదా?" అని కూడా అడిగావు. నిర్మల్ బొమ్మంటే నాకూ ప్రాణమే. ఆ పొనికి చెక్క చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. చేర్యాల మాస్కులు మా హాలు గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద అద్ది చేస్తారు. అయితే ఇక్కడ పిల్లల బొమ్మల రంగులో సీసం పది లక్షల వంతుల్లో 90 దాటకూడదు. అంగట్లో కొన్న బొమ్మకు ఆ పరీక్ష జరిగిందో లేదో మనకు తెలియదు, పిల్లలేమో దేన్నైనా నోట్లో పెట్టుకుంటారు. వాటిని పెద్దలకు, టీచరుకు ఇవ్వు. గోడ మీద ఉంటాయి, చూసినవాళ్లకు కథ చెప్పడానికీ బాగుంటుంది.

తినేవాటి సంగతికి వస్తే నా పరువు పోయిన కథ చెప్పాలి. మా వాడి ఆరో పుట్టినరోజు సంక్రాంతి తరువాత వారం పడింది. అమ్మ పంపిన సకినాలు ఇంకా డబ్బాలో ఉన్నాయి. పార్టీ అయ్యాక పిల్లలకు ఇచ్చే చిన్న సంచుల్లో పెన్సిలుతో పాటు తలా రెండు సకినాలు పెట్టి రిబ్బను కట్టాను. ఒక తల్లి ఆ సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చుట్ల మీద కనిపించే గింజలేమిటని అడిగింది. బియ్యప్పిండి, వాము అని గర్వంగా చెప్పుకుపోతున్నాను, చివరన నువ్వులు అన్నాను. ఆమె ముఖం తెల్లబోయింది. కొడుకు అప్పటికే రిబ్బను విప్పి సకినం పట్టుకున్నాడు. ఆమె అది లాక్కుని, వాడి చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగించింది. నోట్లో పెట్టుకోలేదు కాబట్టి ఏమీ కాలేదు. నువ్వులు పడనివాళ్లు ఉంటారని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడైతే నువ్వులను పడని పదార్థాల పట్టికలో తొమ్మిదోదిగా 2021లో ఇక్కడి చట్టంలో చేర్చారు. 2023 జనవరి నుంచి పొట్లాల మీద రాసి తీరాలి. అమ్మ చేతి డబ్బా మీద ఎవరు రాస్తారు!

కాబట్టి ఆ సంచుల్లో తినేవి ఏవీ పెట్టవద్దు. పల్లీ చిక్కీ ఇంకా ప్రమాదం. ఆడుకునే ప్లే-డో ముద్దలో కూడా గోధుమ ఉంటుందని గుర్తుంచుకో. పెన్సిళ్లు, స్టిక్కర్లు, సబ్బు బుడగల సీసా చాలు. బడి సంగతీ అంతే. మనం హన్మకొండలో పుట్టినరోజున రంగు బట్టలు వేసుకుని, చౌరస్తాలో కొన్న చాక్లెట్ల పొట్లంతో క్లాసంతా తిరిగేవాళ్లం, టీచరుకు రెండు ఎక్కువ. ఇక్కడ చాలా బడుల్లో ఇంటి నుంచి తినేవి తేనివ్వరు. టీచరును అడగకుండా ఏమీ పంపవద్దు.

ఇంకొక మాట. చాలా పార్టీల్లో కానుకలు అందరి ముందు విప్పరు. నువ్వు ఇచ్చింది మూలన బల్ల మీదికి పోతే చిన్నబుచ్చుకోకు. రాత్రి ఇంట్లో విప్పుతూ ఎవరు ఏమి ఇచ్చారో ఆ తల్లి కాగితం మీద రాసుకుంటుంది, తరువాత ఒక్కొక్కరికీ కృతజ్ఞతల చీటీ పంపాలి కదా. ఇక్కడా చదివింపుల పుస్తకమే, అంకెలు ఉండవు, అంతే. కార్డు ఊడిపోయి మూల పడుతుంది కాబట్టి పాప పేరు కానుక కాగితం మీదే రాయించు. మా వాడు ఒకసారి పేరు మానేసి, మేం అప్పుడే నేర్పిన 'అ' ఒక్కటి పెద్దగా రాశాడు. ఆ పిల్లవాడు అది ఏనుగు బొమ్మ అనుకుని ఫ్రిజ్ మీద అతికించుకున్నాడు.